ఇరవయ్యేడో నంబరు బండికి ముక్కెవరు?

డెల్మర్ ట్వేట్ తన కుక్కకి గ్యాస్ వాసన పట్టడం నేర్పిస్తున్నాడు. ఈ సంగతి భార్య ఆర్డిస్‌కి తెలియదని అతని నమ్మకం. పెళ్ళయిన నలభై నాలుగేళ్ళ తర్వాత కూడా భార్యకి తెలియని సంగతి ఒకటి మిగిలి ఉంటుందని నమ్మే మగవాణ్ణి చూసి జాలిపడాలే గానీ నవ్వకూడదు.

పాఠశాల ఉన్నది చక్రాల ఇళ్ళలాంటి మోటార్‌హోములు నిలిపే పార్కులో, బట్టలుతికే గది వెనక. గురువు డెబ్బై రెండేళ్ళవాడు, నార్త్ డకోటాలో స్కూలు బస్సుల మెకానిక్కుగా పనిచేసి రిటైరైనవాడు. శిష్యుడు బార్లీ, పొట్టి కాళ్ళ పొడుగు కుక్క. ఫీజు మాత్రం గురువే శిష్యుడికి చెల్లించేవాడు, సాసేజీ ముక్కల రూపంలో.

పాఠం ఇలా సాగేది. గ్యాస్ కంపెనీవాళ్ళు అప్పుడప్పుడూ ఇళ్ళకి ఒక అట్టముక్క పంపుతుంటారు. దాన్ని గోటితో గీకితే గ్యాస్ వాసన వస్తుంది, జనం ఆ వాసన గుర్తుపెట్టుకోవాలని. ఆ అట్టనీ, మామూలు అట్టనీ పక్కపక్కన పెడతాడు. బార్లీ అసలుదాని ముందు కూర్చుంటే సాసేజీ. మొదట్లో అది కూర్చుందో నించుందో డెల్మర్‌కి అంతుపట్టేది కాదు. ఆ జాతి కుక్క కూర్చున్నా నించున్నా ఎత్తులో రెండంగుళాలే తేడా. అందుకని కూర్చుని కుడికాలు పైకెత్తడం కూడా నేర్పాడు. పదిహేను రోజులు తిరిగేసరికి శిష్యుడు చదువులోనూ, నడుములోనూ బాగా ఎదిగాడు.

"ఏమిటీమధ్య కుక్కని రోజుకి మూడుసార్లు తిప్పుతున్నావ్?" అంది ఆర్డిస్ ఒకనాడు. "దానికున్నవే నాలుగంగుళాల కాళ్ళు. అరిగిపోతాయి."

"వ్యాయామం."

"ఎవరికి? ఇద్దరూ లావెక్కుతున్నారు."

"చలికాలం కదా."

"ఆరిజోనాలోనా?"

డెల్మర్ కాఫీ కప్పులోకి చూశాడు. సమాధానం దొరకనప్పుడు అతను చూసే చోటు అదే.

"సాసేజీలు కూడా తగ్గిపోతున్నాయి. వాటికీ వ్యాయామమేనా?" అని ఆర్డిస్ ఫ్రిజ్ తలుపు మూసింది. అంతకుమించి ఏమీ అనలేదు. ఆవిడ ఊరుకుందంటే గండం గడిచిందనుకునేవాడు డెల్మర్. గడవలేదని అతనికి తరవాత తెలిసింది.

ఇంతకీ కుక్కకి చదువు దేనికంటే, డెల్మర్‌కి ముక్కు పోయింది. ముక్కంటే ముక్కు కాదు, అది నిక్షేపంలా మొహం మధ్యనే ఉంది. వాసనే పోయింది. రెండు శీతాకాలాల కిందట వచ్చిన ఒక మొండి జలుబు పోతూ పోతూ దాన్ని కూడా మూటగట్టుకుపోయింది. కాఫీ వేడిగా తెలుస్తుంది, చేదుగా తెలుస్తుంది, కాఫీగా తెలియదు. కిందటి నెల ఎడారిలో వాన పడ్డప్పుడు పార్కు పార్కంతా బండ్లలోంచి బయటికొచ్చి, తడిసిన తుప్పల వాసన గుండెల నిండా పీల్చుకుంది. అతనూ వాళ్ళతోపాటు నించుని పీల్చాడు. చల్లటి గాలి వచ్చింది, అంతే. ఆ సాయంత్రం అతనికి నిజంగా ఏడుపొచ్చింది.

ఈ మాట భార్యకి చెప్పకపోవడానికి బలమైన కారణం ఉంది. ఎనిమిదేళ్ళ కిందట సొంతూరు మైనాట్‌లో ఇల్లమ్మేసి ఈ మోటార్‌హోమ్ కొన్నప్పుడు ఆర్డిస్ ఒక షరతు పెట్టింది.

"అంటే రోజూ గ్యాస్ ట్యాంకు మీద పడుకోవాలన్నమాట."

"మీద కాదే, ట్యాంకు మెట్ల పక్కన. మంచం వెనకాల."

"పేలితే మెట్లనీ మంచాన్నీ వేరువేరుగా చూస్తుందా? విను. గ్యాస్ సంగతి నీది. నీ ముక్కు పనిచేసినన్నాళ్ళే ఈ బండి. అది పనిచేయని రోజు బండి అమ్మేసి, లవాన్ పక్క ఫ్లాట్ తీసుకుంటున్నాం."

లవాన్ ఆర్డిస్ చెల్లెలు. మైనాట్‌లో మూడో అంతస్తులో ఉంటుంది. నేల మీద ఓట్సు జావ రంగు తివాచీ, కిటికీలోంచి ఆరునెలలు మంచు, తక్కిన ఆరునెలలు కార్లు నిలిపే స్థలం. ఇవన్నీ అయినా భరించొచ్చు. లవాన్ ఒకసారి "హలో" అంటే ఆ వాక్యం పూర్తవడానికి గంటన్నర పడుతుంది. డెల్మర్‌కి ఈ బండి అంటే ప్రాణం. పొద్దున్నే తలుపు తీస్తే కాక్టస్‌లు, వాటి వెనక కొండలు, మెట్టు మీద కూర్చుని తాగే ఆ చేదు కాఫీ. వాటిని వదిలి ఆ తివాచీ మీదికి వెళ్ళడం కన్నా అబద్ధమాడడమే పుణ్యం అనిపించింది.

కాబట్టి రెండేళ్ళుగా నటిస్తున్నాడు. దానికి ఒకే ఒక్క డైలాగు తయారుచేసుకున్నాడు. ఎవరేం వండినా, ఎక్కడేం మాడినా, "అబ్బ, ఏం వాసన!" అనేవాడు. మెచ్చుకోలనుకున్నవాళ్ళకి మెచ్చుకోలు, ఫిర్యాదనుకున్నవాళ్ళకి ఫిర్యాదు. ఆర్డిస్ గురువారం గురువారం వండే కోడికూర దగ్గర కూడా అదే మాట. ఆ కూర కూడా రెండేళ్ళ కిందటే మొదలైంది. ఎముకలుండవు, మెత్తగా జారిపోతూ ఉంటుంది, పైన తెల్లటి సాస్. కోడి ఎందుకో అంత మెత్తబడిందని అడగబోయి మానుకున్నాడు. వంట గురించి ప్రశ్నలు వేసేవాడు జవాబులకి కూడా సిద్ధపడాలి.

గురువారాలు పక్క బండ్లవాళ్ళు కుర్చీలెత్తుకుని పార్కు ఆ చివరికి పోతారు. పేకాట కాబోలనుకునేవాడు. బార్లీ కూడా ఆ పూట బండి ఎక్కదు, ఎంత పిలిచినా బయట టైరు పక్కనే ముడుచుకుంటుంది. దానికి చలిగాలి ఇష్టం కాబోలనుకునేవాడు.

ఇలా సాఫీగా సాగిపోతున్న సంసారంలోకి బుడగల క్లిఫర్డ్ కొత్త నియమం తెచ్చాడు.

క్లిఫర్డ్ పార్కు భద్రత చూసుకునే పెద్దమనిషి. ఆ పని అతనికి ఎవరూ ఇవ్వలేదు, తనే తీసుకున్నాడు. నడుముకి పిస్తోలు వేలాడదీసుకునే ఆ ఎడారిలో, గిన్నెలు తోమే సబ్బు కలిపిన నీళ్ళసీసా వేలాడదీసుకు తిరుగుతాడు. ఎవరి గ్యాస్ గొట్టం కనిపించినా ఓ రెండుసార్లు పిచికారీ చేసి, బుడగలు వస్తాయేమోనని కళ్ళజోడు సర్దుకుని చూస్తాడు. ఏటా జనవరి రెండో శనివారం బండి బండికీ తనిఖీ చేసి, తన నల్ల అట్ట పుస్తకంలో బండి మనిషి చేత సంతకం పెట్టించుకుంటాడు.

"ఈసారి సంతకంతో సరిపెట్టను," అన్నాడు, సాయంత్రం నాలుగింటికి అందరూ కుర్చీలు గుండ్రంగా వేసుకున్నప్పుడు. "రెండు కవర్లిస్తా. ఒకదాంట్లో గ్యాస్ వాసన అట్ట, ఒకదాంట్లో మామూలుది. ఏది ఏదో చెప్పాలి. వయసు మీద పడితే ముక్కులు మొద్దుబారతాయి. మొద్దుబారిన సంగతి ఎవడూ ఒప్పుకోడు."

అందరూ నవ్వారు. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు డెల్మర్ ముక్కు తడుముకున్నాడు.

"గోడకి గ్యాస్ పసిగట్టే పెట్టె ఉందిగా, అది కూస్తుందిగా?" అన్నాడు ఎలాగో.

"అది బండి లోపల కారితే కూస్తుంది. బయట కారితే? దానికీ ఆయుష్షుంటుంది, ఏళ్ళు దాటితే మార్చాలి. నీది ఎప్పుడు మార్చావ్?"

"మొన్ననే," అన్నాడు డెల్మర్. ఆ మాట వినగానే ఆర్డిస్ అల్లుతున్న స్వెటర్‌లో ఒక ముడి తప్పినట్టు కనిపించింది. ఆవిడ తల మాత్రం ఎత్తలేదు.

అదుగో, ఆ మర్నాడే బట్టల గది వెనక బడి మొదలైంది. పథకం ఇదీ: కుర్చీ కింద కుక్క, చేతిలో కవర్లు. కవర్లు చూసుకుంటున్నట్టు కిందికి దించితే చాలు, కుక్క కాలెత్తి చెబుతుంది. బార్లీ ముక్కు ఎప్పుడూ నేలకి జానెడు ఎత్తులోనే ఉంటుంది. గ్యాస్ కూడా గాలి కన్నా బరువు, కారితే నేలకే దిగుతుంది. ఇద్దరినీ ఒకే ఎత్తులో పుట్టించిన దేవుడు తన పక్షానే ఉన్నాడని డెల్మర్ గట్టిగా నమ్మాడు.

శనివారం పొద్దున అతనికి ఒకచోట కుదురు లేదు. ఆర్డిస్ ఎనిమిదింటికే సామూహిక భోజనం వంటలకని క్లబ్బు హాలుకి వెళ్ళిపోయింది. అతను బండి పక్కన గ్యాస్ సామాను ఉండే బయటి అర తలుపు తీసి, ట్యాంకు మీద దుమ్ము తుడిచాడు. ఫ్రిజ్ మంట వెలిగే చోట పురుగులు గూడు పెట్టాయేమో చూశాడు. రెగ్యులేటర్‌కి పాత టూత్‌బ్రష్‌తో తలంటు పోశాడు. అక్కడితో ఆపినా బాగుండేది. తనిఖీలో మాటపడకూడదని స్పానర్ తీసుకుని, బాగానే ఉన్న ఇత్తడి నట్టుని ఇంకో చుట్టు బిగించాడు. బస్సుల మెకానిక్కు చెయ్యి, బస్సు చక్రానికి ఎంత బలం వాడాలో అంతా వాడింది. ఆ నట్టు కీచుమంది. అది గట్టిపడ్డ చప్పుడనుకుని డెల్మర్ తృప్తిగా తలూపాడు.

పరీక్ష మధ్యాహ్నం రెండింటికి, క్లబ్బు హాలు ముందు పందిట్లో. పందిట్లో ఒక పక్క క్లిఫర్డ్ బల్ల, రెండో పక్క భోజనాల బల్లలు. ఇలా రెండూ ఒకచోట పెడతారని డెల్మర్ పథకంలో లేదు. కెనడాలోని సస్కాచువాన్ నుంచి వచ్చిన స్టెఫా, క్యాబేజీ ఆకుల్లో అన్నం చుట్టిన ముద్దలు ఆవిరి కక్కుతుండగా పెద్ద తట్ట దించింది. ఆ పక్కన ఉడకబెట్టిన గుడ్లు, ఉల్లిపాయల పులుసు, వెల్లుల్లి రొట్టె.

"ఇరవయ్యేడో నంబరు!" అని పిలిచాడు క్లిఫర్డ్.

డెల్మర్ వచ్చి కూర్చున్నాడు. కుక్క కుర్చీ కిందికి దూరింది. ఆర్డిస్ దూరాన గరిటె పట్టుకుని చూస్తోంది.

"కుక్క దేనికోయ్?"

"నన్ను వదిలి ఉండదు పాపం."

క్లిఫర్డ్ రెండు కవర్లిచ్చాడు. డెల్మర్ కళ్ళజోడు వెతుక్కుంటున్నట్టు నటిస్తూ వాటిని మోకాళ్ళ కిందికి దించి, కిందికి చూశాడు. కింద కుక్క లేదు.

కుక్క భోజనాల బల్ల దగ్గరుంది. స్టెఫా క్యాబేజీ తట్ట ముందు బుద్ధిగా కూర్చుని, కుడికాలు ఎత్తింది.

పంతొమ్మిదో ఎక్కం అప్పజెప్పినట్టు అక్కణ్ణుంచి గుడ్ల ముందుకి పోయింది. కూర్చుంది, కాలెత్తింది. ఉల్లిపాయల పులుసు. కూర్చుంది, కాలెత్తింది. చివరికి తిన్నగా వచ్చి, జేబుల నిండా వాసన అట్టలు కుక్కుకుని కూర్చున్న క్లిఫర్డ్ కాళ్ళ దగ్గర కూర్చుని, కాలెత్తినది మరి దించలేదు. ఉడికిన క్యాబేజీ, గుడ్డు, ఉల్లి, గ్యాస్, నాలుగింటి వాసనా ఒకే కుటుంబంలోదని డెల్మర్‌కి ఎవరు చెబుతారు? తెలుసుకుందామంటే ముక్కా లేదు.

"మా ఊళ్ళో పోలీసు కుక్క అచ్చం ఇలాగే కూర్చుంటుంది," అంది స్టెఫా. "ఏదన్నా పట్టుకుంటేనే."

క్లిఫర్డ్ మొహం వెలిగిపోయింది. ఇరవై ఏళ్ళుగా ఈ క్షణం కోసమే సీసాలో సబ్బు నీళ్ళు నింపుకుంటున్నాడు.

"గ్యాస్! ఎక్కడో కారుతోంది! ఎవరూ స్విచ్చి ముట్టుకోకండి! అగ్గిపుల్ల గీయకండి! అందరూ వెళ్ళి ట్యాంకులు కట్టేయండి!"

మామూలుగా అయితే తొక్కిసలాట జరగాలి. కానీ అక్కడున్నవాళ్ళ సగటు వయసు డెబ్బై నాలుగు. అరవై బండ్లవాళ్ళు చేతికర్రలు వెతుక్కుని, మోకాళ్ళు పట్టుకుని లేచి, పళ్ళెంలో పెట్టుకున్నది వదల్లేక పట్టుకుని, ఒకరికొకరు దారిచ్చుకుంటూ బయల్దేరారు. ఒకాయన సగం దారిలో ఆగి, ఉప్పు మర్చిపోయానని వెనక్కొచ్చాడు.

ఇప్పుడైనా నిజం చెప్పేస్తే సరిపోయేది. డెల్మర్ నోరు తెరిచాడు కూడా. కళ్ళముందు ఓట్సు జావ రంగు తివాచీ కదిలింది, నోరు మూసుకున్నాడు.

"డెల్మర్! దీన్ని బండి బండికీ తిప్పుదాం పద!" అన్నాడు క్లిఫర్డ్. "ఇది మామూలు కుక్క కాదు."

"అది... ఇవాళ దానికి ఒంట్లో బాలేదు."

"ఒంట్లో బాలేని కుక్క అన్నిసార్లు కాలెత్తుతుందా?"

ఊరేగింపు బయల్దేరింది. ముందు బార్లీ, వెనక గొలుసు పట్టుకుని డెల్మర్, ఆ వెనక సీసాతో క్లిఫర్డ్, ఆపైన పళ్ళేలతో జనం. నాలుగో నంబరు దగ్గర కుక్క కూర్చుంది. సబ్బు నీళ్ళు కొట్టారు, బుడగ లేదు. లోపల వెల్లుల్లి ఊరగాయ ఉంది. తొమ్మిదో నంబరు దగ్గర కూర్చుంది. బుడగ లేదు. చెత్తబుట్టలో గుడ్డు పెంకులు. పదహారో నంబరు మనిషి అంతకుముందే ఉల్లిపాయలు తరిగాడు, కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. కూర్చున్నప్పుడల్లా బార్లీ డెల్మర్ జేబు వైపు చూసేది. జేబులో సాసేజీ ఉంది, ఇవ్వాలంటే ఇంతమంది చూస్తున్నారు. చేసిన పనికి ప్రతిఫలం రావడం లేదని కుక్క మొహంలో విసుగు స్పష్టంగా కనిపించింది.

ఇరవయ్యేడో నంబరు వచ్చింది. సొంత బండి. డెల్మర్ తప్పించి లాక్కుపోబోయాడు. బార్లీ కదల్లేదు. బయటి అర తలుపు ముందు కూర్చుని, కాలెత్తి, ఈసారి జేబు వైపు చూడకుండా తలుపు వైపే చూసి మొరిగింది.

"సొంతిల్లు కదా," అన్నాడు డెల్మర్. "అలిసిపోయింది, లోపలికి పోదామంటోంది."

"గురువారం నాడు రాదు గానీ, తక్కిన రోజుల్లో బాగానే వస్తుంది పాపం," అంది వెనకనుంచి స్టెఫా.

క్లిఫర్డ్ అర తలుపు తీసి, తళతళలాడుతున్న రెగ్యులేటర్ మీద సీసా నొక్కాడు. ఒక్క క్షణం ఏమీ లేదు. తరవాత ఇత్తడి నట్టు అంచున చిన్న బుడగ లేచింది. దాని పక్కన ఇంకోటి. చూస్తుండగానే ద్రాక్షగుత్తి లాగా నురగ పొంగింది.

జనం చేతుల్లోని పళ్ళేలు కిందికి దిగాయి. క్లిఫర్డ్ చకచకా ట్యాంకు కట్టేసి, అందరినీ ఇరవై అడుగులు వెనక్కి పంపాడు. మామూలుగా గప్పాలు కొట్టే మనిషే, ఇప్పుడు మాత్రం గొంతు తగ్గించి మాట్లాడాడు. "పొద్దున్నుంచీ కారుతోంది. పక్కనే ఫ్రిజ్ మంట వెలుగుతోంది. నీకు వాసన రాలేదా డెల్మర్?"

పొద్దున ఆ తలుపు దగ్గరే మొహం పెట్టి అరగంట కూర్చున్నాడు డెల్మర్. ఆ నట్టు తన చేత్తో బిగించాడు. రోజూ సాయంత్రం ఐదింటికి ఆర్డిస్ వచ్చి కాఫీకి పొయ్యి వెలిగిస్తుంది. ఇవాళా వెలిగించేది. ఈ మూడు సంగతులూ ఒకదాని వెంట ఒకటి తట్టేసరికి అతను మెట్టు మీద కూలబడ్డాడు. తివాచీ, ఫ్లాటు, లవాన్ అన్నీ మర్చిపోయాడు. ఎదురుగా గరిటె పట్టుకుని నించున్న ఆర్డిస్ ఒక్కతే కనిపించింది.

"నాకు వాసన తెలీదు," అన్నాడు. "రెండేళ్ళయింది. బండి అమ్మేస్తావని చెప్పలేదు. నిన్ను చంపేసేవాణ్ణి, ఆర్డిస్. అమ్మేయ్. పద, లవాన్ దగ్గరికే పోదాం."

ఎవరో ఒకరు అయ్యో అంటారనుకున్నాడు. ఎవరూ అనలేదు. స్టెఫా నోట్లో ముద్ద మింగి, "అది మాకు తెలుసుగా," అంది.

"మీకా?"

"పార్కు మొత్తానికి తెలుసు. ప్రతి గురువారం తెలుస్తూనే ఉంటుంది. గాలి ఎటు వీస్తే అటు కాకుండా కుర్చీలు వేసుకుంటాం."

డెల్మర్ భార్య వైపు తిరిగాడు. "గురువారం కోడికూర..."

"కోడి కాదు," అంది ఆర్డిస్. "లూటెఫిస్క్."

తెలియనివాళ్ళ కోసం చెప్పాలి. లూటెఫిస్క్ అంటే ఎండుచేపని క్షారం నీళ్ళలో రోజుల తరబడి నానబెట్టి, జిగురు జిగురుగా అయ్యాక వండే నార్వే తాతల వంటకం. ఆర్డిస్‌కి ప్రాణం. డెల్మర్‌కి ప్రాణసంకటం. బండి కొన్నప్పుడు ఆవిడ ఒక షరతు పెడితే, అతనూ ఒకటి పెట్టాడు. ఈ కప్పు కింద ఆ చేప వండకూడదు. ఇల్లయితే కిటికీలు తీసుకోవచ్చు, బండిలో వండితే పరదాలు తగలబెట్టాలి అన్నాడు.

"నీ జలుబు తగ్గిన వారానికి నాకు అనుమానమొచ్చింది," అంది ఆర్డిస్. "మాడిన రొట్టె తిని బాగుందన్నావ్. పరీక్షిద్దామని తలుపులన్నీ మూసి చేప వండాను. కుక్క బయటికి దూకింది. నాకే కళ్ళు మండాయి. నువ్వు లోపలికొచ్చి, 'అబ్బ, ఏం వాసన! కోడా?' అన్నావ్. అవును కోడే అన్నాను. రెండుసార్లు వడ్డించుకున్నావ్."

"రెండేళ్ళు తినిపించావా!"

"మెత్తగా ఉందని నువ్వేగా అన్నది."

క్లిఫర్డ్ నల్ల అట్ట పుస్తకం తెరిచి అతని ఒళ్ళో పెట్టాడు. కిందటేడు పేజీ. ఇరవయ్యేడో నంబరు ఎదురుగా డెల్మర్ పెద్ద సంతకం, బస్సు మలుపు తిరిగినట్టు. దాని కింద చీమంత అక్షరాలతో మరొకటి, 'ఆర్డిస్ ట్వేట్, వాసన చూశాను, సబ్బు నీళ్ళతో చూశాను.' అంతకుముందు ఏడూ అంతే. ఈ ఏటి పేజీ తిప్పాడు. ఆ సంతకం అప్పటికే ఉంది, పక్కన పొద్దున ఎనిమిదిన్నర టైము వేసి.

"అంటే పరీక్ష..."

"నీ బండి పరీక్ష పొద్దున్నే అయిపోయింది," అన్నాడు క్లిఫర్డ్. "నువ్వొచ్చి కూర్చుంటే కాదనొద్దని ఆవిడే చెప్పింది. కుక్కతో ఏదో చేస్తున్నాడు, చూద్దాం అంది."

"గోడ మీది పెట్టె?"

"కిందటి వేసవిలో నేనే మార్చాను," అంది ఆర్డిస్. "నువ్వు 'మొన్ననే' అన్నప్పుడు నవ్వాపుకోలేక ముడి తప్పాను. నిన్న సాయంత్రం కూడా ఆ నట్టు మీద సబ్బు నీళ్ళు కొట్టాను. ఒక్క బుడగ లేదు. ఇవాళ ఎలా కారిందో నువ్వే చెప్పాలి."

"బిగించాను," అన్నాడు డెల్మర్, తల వంచుకుని. "కొంచెం."

"స్పానర్ ఇలా ఇవ్వు."

ఇచ్చాడు. ఆవిడ దాన్ని ఏప్రన్ జేబులో గరిటె పక్కన దోపుకుంది.

"మరి ఫ్లాటో?" అన్నాడు చివరికి, పసివాడిలా.

"ఏ ఫ్లాటు?"

"లవాన్ పక్క ఫ్లాటు. షరతు పెట్టావుగా."

"ఆ మాటన్నప్పుడు నాకు ఆరిజోనా తెలీదు. లవాన్ తెలుసు గానీ ఆలోచించలేదు." ఆర్డిస్ అతని పక్కన మెట్టు మీద కూర్చుంది. "మొన్న వాన పడ్డప్పుడు నువ్వు గుడ్లప్పగించి గాలి పీలుస్తూ నించున్నావ్. అప్పుడే చెబుతావనుకున్నాను. చెప్పలేదు. నాకు కోపం వచ్చింది, డెల్మర్. అబద్ధమాడినందుకు కాదు. ఒక్కడివే నించున్నందుకు."

డెల్మర్ మెట్టు మీద ఇంకాస్త దగ్గరికి జరిగాడు. ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. బార్లీ ఇద్దరి మధ్యకి దూరి, అతని జేబులోంచి సాసేజీ తనే తీసుకుని జీతం బకాయి తీర్చుకుంది.

సోమవారం గ్యాస్ మనిషి వచ్చి, చిట్లిన ఇత్తడి నట్టూ గొట్టమూ మార్చి, "ఎవరండీ ఇంత బలంగా బిగించింది?" అని అడిగాడు. ఆర్డిస్ బస్సుల గురించి ఏదో చెప్పింది. అప్పటిదాకా పొయ్యి వెలగలేదు. స్టెఫా క్యాబేజీ ముద్దలతోనే గడిపారు.

ఇప్పుడు పొద్దున్నే ఆవిడ అర తలుపు తీసి వాసన చూస్తుంది, అతను సబ్బు నీళ్ళు కొడతాడు. కాఫీ తాగుతున్నప్పుడు ఆవిడే చెబుతుంది, ఇవాళ కాఫీ కాస్త మాడిందనో, ఎవరో నారింజ ఒలిచారనో. అతను వింటూ తాగుతాడు. ఇదివరకటి కన్నా కాఫీ కొంచెం కాఫీలాగా ఉంటోంది.

ఆ గురువారం డెల్మర్ బండెక్కేసరికి పొయ్యి మీద గిన్నె ఉంది. బార్లీ బయట టైరు పక్కన ఉంది. పక్కవాళ్ళు కుర్చీలెత్తుకుని పోతున్నారు.

డెల్మర్ నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. "ఆర్డిస్, షరతు షరతే. ఇకనుంచీ ఈ బండిలో ఆ చేప వండడానికి వీల్లేదు."

"ఎందుకూ?"

"వాసన!"

ఆర్డిస్ గరిటె ఆపి, తాపీగా అతని వైపు తిరిగింది.

"ఎవరికి?"

డెల్మర్ తల దించుకున్నాడు. చూద్దామంటే చేతిలో కాఫీ కప్పు కూడా లేదు. కుర్చీ లాక్కుని బల్ల దగ్గర కూర్చుని, పళ్ళెం ముందుకి జరిపాడు.